కారం తెలియని కోడిపిల్ల

నా నోరు మంచిది కాదని మా ఊళ్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. మిరపకాయల పని సాగే మూడు నెలలూ అది ఇంకాస్త చెడుతుంది. కల్లంలో పదిహేనుమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని, ఎర్రకాయల్లోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరుతుంటే, వాళ్ల వెనక తిరుగుతూ "చేతులు ఆడించండమ్మా, నోళ్లు కాదు" అని రోజుకెన్నిసార్లు అంటానో నాకే తెలియదు. మాటల్లో పడితే చెయ్యి దారి తప్పుతుందని నా గట్టి నమ్మకం. ఫోన్లో పాటలు పెట్టుకోనివ్వను. సీరియల్ కథలు చెప్పుకోనివ్వను. ఒకామె కోడలి సంగతి ఇంకొకామె ఎత్తుకుందంటే ఒంటికాలి మీద లేస్తాను. మా ఆయన నన్ను హెడ్మాస్టరు అంటాడు, నేను పక్కన లేనప్పుడు.

అలాంటి నేను నిరుడు కాయ ఏరే రోజుల్లో ఆ ఆడవాళ్ల దగ్గర కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడండమ్మా అని బతిమాలుకున్నాను. నన్ను అంత పనికి దించింది అరచేతిలో పట్టే ఒక కోడిపిల్ల.

మా ఇల్లు అద్దంకి వెళ్లే రోడ్డు మీద, ఊరి చివర ఉంటుంది. ఇంటిని ఆనుకునే కల్లం. ఒకరోజు పొద్దున్నే మోపెడ్ మీద రంగు కోడిపిల్లల్ని అమ్మే మనిషి వచ్చాడు. వెనక వలగంప, అందులో పచ్చవి, గులాబీవి, నారింజవి, పండగ మిఠాయిల్లాగా. ఫారంలో పనికిరానివని తీసేసిన పిల్లలకు రంగులేసి ఊళ్లమీద తిప్పుతారు. నేను పెరట్లో ఉన్నాను. నేను వచ్చేసరికి మా ఆయన ఓటిపోయిన ప్లాస్టిక్ బకెట్టు, కాలు విరిగిన కుర్చీ అతనికిచ్చేసి, రెండు పిల్లల్ని తువ్వాల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒకటి పచ్చది, ఒకటి గులాబీది.

"ఇవెందుకండీ ఇప్పుడు? కాయ ఏరించుకుంటామా, కోళ్లు కాసుకుంటామా?" అన్నాను.

"ఊరికే వచ్చాయే. ఉండనీ, కల్లంలో తిరుగుతుంటాయి," అన్నాడు. ఊరికే వచ్చింది ఏదైనా ఆయనకు ముద్దు.

రెండు రోజుల్లో వాటిని చూడకుండా నాకు పని సాగడం మానేసింది. చెప్పుకోవడానికి సిగ్గే గాని, నిజం. ఆ రెండూ ఒకదాన్నొకటి వదిలేవి కావు. ఒకటి నూక తింటే రెండోదీ అదే గింజ మీదికి ఎగబడేది, పక్కన గుప్పెడు నూక పోసి ఉన్నా సరే. పచ్చది గోతాల వెనక్కి వెళ్తే గులాబీది గొంతు చించుకునేది. పచ్చది అక్కణ్ణుంచి కీచుమనగానే దీనికి ప్రాణం వచ్చేది. నిద్రపోయేటప్పుడు ఒకదాని మెడ ఇంకొకదాని వీపు మీద. సాయంత్రం కాగానే రెండింటినీ పట్టి గంప కింద మూసేదాన్ని.

ఐదోరోజు మా ఆయన లోడు వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్లాడు. ఆ సాయంత్రం ఉన్నట్టుండి పడమర నల్లబడింది. ఎండబోసిన కాయ మీద చినుకు పడితే ఏమవుతుందో మిరప వేసిన ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. కాయ ఏరే ముఠావాళ్ల ఆటో అప్పుడే వెళ్లిపోయింది. ఒక్కదాన్నే పరుగులు పెడుతూ పట్టాలు లాగాను, అంచుల మీద రాళ్లు పెట్టాను. ఆ హడావిడిలో గులాబీది కాళ్లకడ్డం వస్తే పట్టుకుని గంప కింద వేశాను. పచ్చది అప్పటికే లోపల ఉందనుకున్నాను. చూడలేదు. గులాబీది ఒకటే కీచులాట. నేను ఇంట్లోంచి "నోరు మూసుకుని పడుకుంటావా లేదా" అని దాని మీద కూడా అరిచాను.

చినుకు పడనే లేదు. తెల్లారి రాళ్లు తీసి పట్టా మడత విప్పితే లోపల పచ్చది ఉంది. రాయి దాని మీద పడలేదు. మడతలో చిక్కుకుని, అంచు మీద నేను పెట్టిన రాయి బరువుకు బయటికి రాలేకపోయింది. అది లోపల ఉందని రెండోది నాకు చెప్తూనే ఉంది. నేను నోరు మూసుకోమన్నాను.

నిమ్మచెట్టు మొదట్లో చిన్న గుంట తీసి దాన్ని పూడ్చిపెట్టాను. ముఠావాళ్లు వచ్చాక, రెండోదేదని అడిగితే, గద్ద తన్నుకుపోయిందని చెప్పాను. గుంటూరు నుంచి వచ్చిన మా ఆయనకూ అదే చెప్పాను. అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. ఒకటి మాత్రం ఆరోజే గట్టిగా అనుకున్నాను. ఈ రెండోదాన్ని కూడా చేతులారా పోగొట్టుకుంటే నేను మనిషినే కాదు.

గులాబీది ఆ పొద్దుటి నుంచి ఏడుస్తూనే ఉంది. కోడిపిల్ల ఏడుపు చిన్నదే గాని, ఆగకపోతే చెవిలో సూదిపెట్టి తిప్పినట్టుంటుంది. గోతాల వెనక్కి పరిగెత్తేది, అక్కడ పిలిచేది, ఆగి వినేది, మళ్లీ ఇటు వచ్చేది. నూక ముట్టలేదు. మధ్యాహ్నానికి కళ్లు సగం మూసి, ఒళ్లు ఉబ్బించుకుని నిలబడిపోయింది.

ఇక్కడే నేను ఒక తెలివితక్కువ పని చేశాను. పుట్టినప్పటి నుంచి మిరపకాయల మధ్య బతికినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పని. మాకు కన్ను మండినా, దగ్గు వచ్చినా, పసిపిల్లలు గుక్కపట్టినా ముందు గుర్తొచ్చేది కారమే. ఆరోజు కల్లంలో కుప్ప అడుగుకాయ కదిలించారు. ఘాటు లేచి అందరూ తుమ్ముతున్నారు. ఆడవాళ్లు కొంగులు ముక్కులకు చుట్టుకున్నారు. అది చూసి, పిల్ల కళ్లు మూసుకుంటున్నది కారానికే, ఏడుస్తున్నది మంటకే అని తీర్మానించేశాను.

చేతులు మండితే మేం మజ్జిగలో ముంచుతాం. కల్లంలో ఎప్పుడూ ఒక చెంబుతో మజ్జిగ ఉంటుంది. పిల్లను తీసుకుపోయి, పాత మెత్తటి గుడ్డ మజ్జిగలో తడిపి, దాని మొహం, రెక్కలు, పొట్ట, కాళ్లు శుభ్రంగా తుడిచాను. అది గిలగిల కొట్టుకుంటుంటే, పాపం మంట, అనుకున్నాను. గులాబీరంగు సగం గుడ్డకంటింది. తర్వాత ఘాటు తగలకుండా వెనకగదిలో అట్టపెట్టెలో పెట్టి, కిటికీ మూసి, తలుపు కింద గోనెపట్టా కూడా దోపాను. చడీచప్పుడు లేని గది. నాకు ఎవరైనా అలాంటి గది ఇస్తే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

పిల్ల ఆ గదిలో రెండు రోజులు ఉంది. మజ్జిగ వాసన కొడుతూ, నూగు అట్టకట్టి, మూలకు ఆనుకుని నిలబడేది. ఏడుపు తగ్గుతూ వచ్చింది. నేను దాన్ని గుణం అనుకున్నాను. అది నీరసమని ఆలస్యంగా తెలుసుకున్నాను. నూక నానబెట్టి వేలితో నోటికి పెట్టాను, తినలేదు. గోడమీది చేతి అద్దం తెచ్చి పెట్టెలో నిలబెట్టాను. అది అద్దంలో పిల్లను చూసి సంబరంగా పరిగెత్తింది, ముక్కుతో పొడిచింది, అద్దం వెనక్కి వెళ్లి వెతికింది. అక్కడ ఎవరూ లేరు. ఆ వెతుకులాట చూడలేక అద్దం తీసేశాను.

మా ఆయన తన వంతుగా ఫోన్లో తల్లికోడి వీడియో ఒకటి వెతికి పెట్టెలో పెట్టాడు. క్లక్ క్లక్ మని కోడి పిలుస్తుంటే పిల్ల వచ్చి ఫోనుకు ఒరిగి, కళ్లు మూసుకుంది. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. మా ఆయన అయితే పంట అమ్ముడైనంత గర్వంగా నిలబడ్డాడు. ఇంతలో కోడి ఆగిపోయి, ఒక మగగొంతు "రైతు సోదరులారా, మీ తోటలో తామరపురుగు ఉధృతంగా ఉందా" అని గర్జించింది. పిల్ల వెనక్కి విరుచుకుపడింది. ప్రకటన దాటించి మళ్లీ పెడితే, ఈసారి యార్డు నుంచి ఫోను. మా ఆయన పెట్టెలో తలదూర్చి, పిల్ల బెదరకుండా గుసగుసగా ధర మాట్లాడాడు. అవతలివాళ్లు మనిషికి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారట. ఇదీ సాగే పని కాదని తేలిపోయింది.

మూడోరోజు పొద్దున ముఠా పెద్దావిడ మంచినీళ్ల కోసం ఇంట్లోకి వచ్చింది. అరవై దాటిన మనిషి, పదేళ్లుగా మా కల్లానికే వస్తోంది. నన్ను కోడలా అంటుంది, నేను అత్తా అంటాను. నేను అరిస్తే భయపడని మనిషి ఆ ముఠాలో ఆమె ఒక్కతే. వెనకగదిలోంచి ఒక సన్నటి కీచు వినబడి ఆగింది.

"ఏంది కోడలా, పిల్లని గదిలో బెట్టి మూసినావు?"

"కారం ఘాటు పడటం లేదత్తా. కళ్లు మండి ఏడుస్తోంది."

ఆమె నన్ను ఒక చూపు చూసింది. తలుపు తీసి, పిల్లను చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"మజ్జిగెందుకు పూశావే దీనికి?"

చెప్పాను. ఆమె గోడకానుకుని కూర్చుని నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "కోళ్లకి కారమేందే? మా కోళ్లు తాలుకాయలు చించి గింజలన్నీ తింటయ్యి. ఒక్కదానికన్నా ముక్కు కారిందా? ఇది ఒంటరిదైపోయి ఏడస్తా ఉంది. అలికిడి గావాల దీనికి. నువ్వేమో చీమ కూడా రాకుండా తలుపు కింద గోనె దోపినావు."

పిల్లను చీర కుచ్చెళ్ల దగ్గర ఒడిలో వేసుకుని కల్లంలోకి నడిచింది. నేను వెనకే వెళ్లాను. ఆమె వరసలో తన చోట కూర్చుంది, ఎర్రటి కుప్ప ముందు. చుట్టూ ఘాటు. నాకే రెండు తుమ్ములొచ్చాయి. పక్కనున్న ఆడమనిషి ఏదో పెళ్లిలో పప్పుచారు అయిపోయి, మగపెళ్లివారు అలిగి లేచిన కథ సగంలో ఉంది. నన్ను చూసి ఠక్కున ఆగిపోయింది.

ఒడిలో పిల్ల తల ఎత్తి, కీచ్ మంది.

"ఆపమాక, చెప్పు. పప్పుచారు అయిపోతే ఏం జేశారు?" అంది పెద్దావిడ.

కథ చెప్పే ఆమె నా వైపు చూసింది. నేను నిమ్మచెట్టు వైపు చూశాను. కథ మళ్లీ మొదలైంది. సాంబారు పొడి, వేణ్నీళ్లు కలిపి ఇంకో పప్పుచారు చేశారట. రెండో బంతివాళ్లు అదే బాగుందన్నారట. ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుల మధ్యలో పిల్ల ఒడిలోంచి దిగింది. ఒళ్లు దులుపుకుంది. కుప్ప అంచున పగిలిన కాయలోంచి ఒక గింజ పొడిచింది. ఇంకొకటి పొడిచింది. మూడు రోజుల తర్వాత అది తిన్న మొదటి తిండి మిరపగింజ. తుమ్మలేదు, కన్ను చెమర్చలేదు. ఏడుపు వచ్చింది నాకు. కారం వల్లే అన్నట్టు కొంగుతో తుడుచుకున్నాను.

ఆరోజు నుంచి కల్లం తీరు మారిపోయింది. పిల్ల వరస ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేది. కబుర్లు ఎక్కడ జోరుగా ఉంటే అక్కడ చేరేది. ఒకరి పమిటచెంగు కింద దూరేది, ఇంకొకరి అరికాలు పొడిచేది. మా ఆయన దూరం నుంచి చూసి, "మన కల్లంలో తుమ్మని ప్రాణి ఇదొక్కటేనే" అని సంబరపడేవాడు. ముఠాలో అందరికంటే ఎక్కువ మాట్లాడే ఆమె మోకాలి పక్కన దానికి శాశ్వతమైన చోటు ఏర్పడింది. రెండేళ్ల నుంచి నేను ఎక్కువ తిట్టింది కూడా ఆమెనే. ఆమె ఇప్పుడు నా ముందే గొంతు పెంచి మాట్లాడేది. నేనేమీ అనలేకపోయేదాన్ని.

అయితే ఊరుకునే రకం కాదు కదా నేను. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ, ఏరిన కుప్పలో చెయ్యిపెట్టి గుప్పిళ్లు తీసి తాలుకాయ కోసం వెతికాను. రోజూ వెతికాను. నోళ్లు మూసుకుని ఏరిన రోజుల కంటే ఒక్క కాయ ఎక్కువ దొరకలేదు. దొరికితే బాగుండునని కూడా అనిపించింది. ఇన్నేళ్లూ అరిచిందంతా వృథా అని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

ఒకరోజు కొంప మునిగింది. ఆటోలో ముందు సీటు దగ్గర ఇద్దరికి మాటా మాటా పెరిగింది. కల్లానికి వచ్చేసరికి ముఠా రెండుగా చీలింది. అటు ఎనమండుగురు, ఇటు ఏడుగురు, మధ్యలో పెద్ద ఎడం. ఎవరూ నోరు విప్పరు. నేను ఏళ్ల తరబడి కలలుగన్న కల్లం అది. కాయ గలగల తప్ప ఇంకో చప్పుడు లేదు. పిల్ల ఆ ఎడంలో నిలబడి అటు చూసింది, ఇటు చూసింది. కీచుమని మొదలుపెట్టింది. గోతాల వెనక్కి పరిగెత్తి పిలవసాగింది. నేను అప్పటికి అరగంట ఓర్చుకున్నాను. తర్వాత వెళ్లి వాళ్ల మధ్య, ఆ ఎడంలో చతికిలబడ్డాను.

"నిన్న సీరియల్లో ఏమైంది?" అన్నాను.

పదిహేను జతల కళ్లు నా మీద పడ్డాయి. చేతులు ఆగిపోయాయి.

"ఏ సీరియల్లో అక్కా?" అంది ఒకామె అనుమానంగా.

"అదే... ఆ అమ్మాయి ఉంది కదా. అత్త బాధలు పెడుతుంది." ఏ సీరియల్‌కైనా సరిపోతుందని అన్నాను.

"బాధలు పెట్టేది అత్త కాదు, తోడికోడలు," అంది అటువైపు ఆమె.

"కాదు, తోడికోడలి ఏసంలో ఉన్న ఆడబిడ్డ," అంది ఇటువైపు ఆమె. పొద్దుట పోట్లాడుకున్న ఇద్దరూ వీళ్లే. ఆ ఏసం సంగతి తేలేలోపు మధ్యాహ్నమైంది. అన్నం దగ్గర ఒకరి గోంగూర ఇంకొకరి గిన్నెలో పడింది. పిల్ల నా ఒడిలో నిద్రపోయింది. నేను లేవకుండా సాయంత్రందాకా అక్కడే కూర్చుని కాయ ఏరాను. ఆ కథ నాకిప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు గాని, మర్నాడు వాళ్లు రాగానే నేనే అడిగాను, ముసుగు తీసిందా అని.

తర్వాత వారానికి కాయ అయిపోయింది. చివరి గోతం నోరు కుట్టేశారు. ప్రతి ఏడూ ఆరోజు నాకు హాయిగా ఉంటుంది, కల్లం ఖాళీ అయిందని, గొంతుకు సెలవని. నిరుడు మాత్రం ఉదయం నుంచి బెంగ. రేపటి నుంచి ఈ ఆడవాళ్లు రారు. జతకు ఇంకోదాన్ని తెద్దామంటే మోపెడ్ మనిషి మళ్లీ ఈ దారిన రాలేదు. మా ఆయన అద్దంకిలో రెండుసార్లు వాకబు చేశాడు, జాడ లేదు. మా బజారులో కోళ్లు పెంచేవాళ్లూ లేరు. రెండు రోజుల నిశ్శబ్దానికే పోబోయిన పిల్ల ఇది. నేను ఒక్కదాన్ని ఎంతని మాట్లాడను?

పెద్దావిడే దారి చూపింది. "మా ఇంట్లో నల్లకోడి పిల్లల్ని దించింది కోడలా. తొమ్మిది. ఈడుకి ఇంతే ఉంటయ్యి. వాటిల్లో కలుపుదాం."

"పొడిచి చంపితే?"

"చంపితే నన్ను తిట్టు. తిట్టడం నీకేం కొత్త?"

పిల్లను ఒళ్లో పెట్టుకుని వాళ్ల ఆటో ఎక్కాను. పదేళ్లుగా వాళ్లను దించి ఎక్కించుకుపోయే ఆటోలో నేను కూర్చోవడం అదే మొదలు. ఎవరి మోచెయ్యి ఎవరిదో తెలియలేదు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. రోడ్డుకిరుపక్కలా పత్తికట్టె పీకేసిన నల్లచేలు. పిల్ల ఆ రొదలో రాజాలా కళ్లు మూసుకుని కూర్చుంది.

పెద్దావిడ ఇంటి ముందు నల్లకోడి కాలు దువ్వుతూ తిరుగుతోంది. పిల్లను కింద వదలగానే ఒక్క ఉదుటున వచ్చి నెత్తిమీద పొడిచింది. నేను పిల్లను లాక్కున్నాను.

"రంగు జూసి బెదిరింది," అంది పెద్దావిడ. పొయ్యిలోంచి చల్లారిన బూడిద చేటలో తెచ్చి మా పిల్లకు పూసింది. ఊరుకోకుండా కోడిపిల్లలు తొమ్మిదింటినీ ఒక్కొక్కటే పట్టి వాటికీ పూసింది. పది బూడిదరంగు పిల్లలు తయారయ్యాయి. ముఠాలో సగంమంది అక్కడే ఆగి వేడుక చూస్తున్నారు. పొద్దు వాలాక కోడిని, తొమ్మిది పిల్లల్ని పెద్దగంప కింద మూసి, గంప అంచు కొంచెం లేపి మాదాన్ని లోపలికి తోసింది. అది మరుక్షణం ఆ సందులోంచే బయటికొచ్చి నా పాదాల దగ్గరికి పరిగెత్తింది. మళ్లీ తోసింది. మళ్లీ వచ్చింది. మూడోసారీ అంతే.

"ఇది కోడిని ఎరగదు కోడలా. దీని లెక్కలో కోళ్లంటే మనమే," అంది.

అని, గంప పక్కనే కూర్చుని మిగతావాళ్లనూ కూర్చోమంది. గంప చుట్టూ ఎనిమిదిమంది ఆడవాళ్లం చేరాం. పిల్లను నాలుగోసారి లోపలికి తోసి, సందు అలాగే ఉంచింది. ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. తర్వాత ఇంకొకరు. మాటలు చుట్టూ వినపడుతుండటంతో పిల్ల బయటికి రాలేదు. సందు దగ్గర నిలబడి వింటోంది. కోడి లోపల గుర్రుమంటోంది. అయితే పొద్దంతా పనిచేసి వచ్చినవాళ్లు, ఎంతసేపని మాట్లాడతారు? ఒక్కొక్కరూ ఆవలించసాగారు. మాటలు సన్నగిల్లాయి. పిల్ల కీచుమంది.

"నువ్వు చెప్పు కోడలా. ఇన్ని రోజులూ మా చేత చెప్పించినావు గదా," అంది పెద్దావిడ.

నాకేం తెలుసు చెప్పడానికి? సీరియళ్లు తెలియవు, పెళ్లికబుర్లు తెలియవు. నా లోపల ఉన్నది ఒకటే సంగతి. పిల్ల మళ్లీ కీచుమనేసరికి అదే బయటికొచ్చింది. "పచ్చదాన్ని గద్ద తన్నుకుపోలేదత్తా. నేనే చంపాను," అన్నాను. మొదలుపెట్టాక ఆపలేదు. మబ్బు పట్టింది, పట్టా లాగాను, చూసుకోలేదు, రాయి పెట్టాను, ఇది ఏడుస్తుంటే నోరు మూసుకోమన్నాను. అంతా చెప్పాను. మా ఆయనకు కూడా చెప్పలేదని చెప్పాను. ఇంత పొడుగు మాట నేను తిట్టకుండా మాట్లాడటం వాళ్లు ఎప్పుడూ విని ఉండరు.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. పెద్దావిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"తెలుసులే. గద్ద ఎత్తుకుపోయుంటే ఆరోజు గద్దనీ, మమ్మల్నీ, మీ ఆయన్నీ కలిపి తిట్టి ఉండేదానివి. పొద్దుగూకిందాకా నోరెత్తలేదు నువ్వు. అప్పుడే అనుకున్నాం, ఏదో నీ చేతిమీదే జరిగిందని."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఏడుస్తావని," అంది ఎక్కువ మాట్లాడే ఆమె. ఆ ఒక్క సంగతీ అన్ని రోజులూ ఆమె కడుపులో దాచుకుంది.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నాతోపాటు వాళ్లూ నవ్వారు. ఆ సందట్లో మేమెవరం పిల్లను చూసుకోలేదు. కాసేపటికి పెద్దావిడ వేలు చూపిస్తే గంప సందులోకి వంగి చూశాను. సందు దగ్గర పిల్ల లేదు. కోడి రెక్కలు విప్పుకుని కూర్చుని ఉంది. దాని పొట్ట కింద పిల్లలన్నీ సర్దుకుంటున్నాయి. ఏది మాదో తెలియలేదు, అన్నీ బూడిదరంగే. ఒకచోట మాత్రం రెక్క కిందనుంచి బూడిద రాలిపోయిన చిన్న గులాబీతోక కనబడింది. దాని పక్కనున్న పిల్ల మెడ తెచ్చి దాని వీపు మీద వేసింది. తోక ఒకసారి ఊగి, రెక్క లోపలికి వెళ్లిపోయింది.

నేను నోరు దగ్గరగా పెట్టి దాన్ని పిలిచాను. రోజూ పిలిచేట్టే పిలిచాను. పలకలేదు. ఇంకోసారి, కాస్త గట్టిగా పిలిచాను. కోడి ఒక కన్ను తెరిచి నన్ను చూసి గుర్రుమంది. పిల్ల మాత్రం కీచుమనలేదు, రాలేదు, నా కోసం తల బయట పెట్టలేదు. నన్ను అంత హాయిగా మరిచిపోయిన ప్రాణి ఇంకొకటి లేదు. నాకు జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.